అగరుబత్తి కాలినంతసేపు

పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామని అటక ఖాళీ చేస్తుంటే, మూలనున్న గుండిగలోంచి మా అమ్మ ఒక నోట్‌బుక్ తీసింది. అట్ట నిండా నూనె మరకలు. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఇన్నేళ్లయినా మెంతిపిండి వాసన పోలేదు. "మీ నానమ్మ పచ్చళ్ల బుక్కు గదనే ఇది," అంది అమ్మ. ముందు నుంచి తెరిస్తే నిజంగా పచ్చళ్ల బుక్కే. వెనక నుంచి తెరిస్తే మాత్రం అది వేరే సరుకు. అందుకే అమ్మ పేజీలు తిప్పేలోపు గబుక్కున లాక్కుని, ఎందుకే అని అడిగితే ఊరికే అన్నాను.

నేను ఎనిమిదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. నలుగురిలో నోరు పెగలని పిల్లలకు ఏదో ఒక తోవ కావాలి కదా. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లోకి, వంటింట్లోకి వాళ్లొస్తే పెరట్లోకి పోయే రకాన్ని. పటాన్‌చెరు పక్కన ఇంద్రేశం దాటాక వచ్చే మా ఊరికి అప్పటికింకా ప్లాట్ల జెండాలు రాలేదు. ఒక పక్క జొన్నచేలు, ఒక పక్క కంపెనీ ప్రహరీగోడ, మధ్యలో మేము. గాలి గోడవైపు నుంచి మళ్లిందంటే ఊరంతా ఒక్కసారే కిటికీలు మూసుకునేది. గాలి మళ్లీ చేలవైపు నుంచి వచ్చిందని తెలియడానికి నానమ్మ వాకిట్లోకి వెళ్లి ముక్కు పైకెత్తి నిలబడేది. ఆమె "ఇగ తెరువుండ్రి" అంటే తెరిచేవాళ్లం.

ఆ నానమ్మే కంపెనీల్లో పనిచేసే హాస్టల్ ఆడపిల్లలకు పచ్చళ్లు పెట్టి ఇచ్చేది. ఆమెకు చదువు రాదు. కొలతలన్నీ చేతిలోనే ఉండేవి. తన తర్వాత ఎవరికీ తెలియకుండా పోతాయని ఒకరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. నేను 'కావలసినవి' అని ఒక గీత, 'చేసే పద్ధతి' అని ఇంకో గీత కొట్టి రాసుకునేదాన్ని. పచ్చడి పెట్టే రోజు ఆ బుక్కు చదివి వినిపించే పని సుగుణత్తది. మా నాన్న చెల్లెలు సుగుణత్తను మా వీధిలోనే ఇచ్చారు. పొద్దస్తమానం మా ఇంట్లోనే ఉండేది. గొంతు పెద్దది. ఆమె "ఉప్పు పావుశేరు" అని చదివితే నాలుగిళ్ల అవతల కూడా ఉప్పు కొలుచుకోవచ్చు.

ఇక వెనక పేజీల సంగతి. దానికి కారణం మా బాబాయి. సాయంత్రం షిఫ్టు దిగి రాగానే ఆయన చొక్కా వాకిట్లో దండెం మీదే విప్పాలి. ఆ కంపెనీ వాసన గడప దాటకూడదని నానమ్మ హుకుం. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రాళ్లుప్పు వేసుకుని, కాళ్లు ముంచుకుని టీవీ ముందు కూర్చునేవాడు. టీవీలో నలుగురు నాయకులు నాలుగు గళ్లలో కూర్చుని ఒకేసారి అరిచేవాళ్లు. పక్కన పొయ్యి దగ్గర నానమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు. ఆ రెండు చప్పుళ్ల మధ్య బాబాయి నాకు పాఠం చెప్పేవాడు.

"సూడు సప్నా, వాన్ని అడిగిందేంది? కరెంటు. వాడు చెప్తున్నదేంది? వాళ్ల తాత జైలుకు పోయిన ముచ్చట. మరి కరెంటు ఏడికి పోయింది?"

"ఏడికి పోయింది బాబాయ్?"

"జైలుకు పోయింది."

ఇంతా చేసి ఆయన కూడా తక్కువవాడేమీ కాదు. ఒకరోజు నానమ్మ, "సబ్బు తెస్తనంటివి, ఏదిరా?" అని అడిగింది.

"అంటే నేను ఈ ఇంటికి ఏం తెస్తలేనంటవా అమ్మా?"

"నేను సబ్బు అడిగిన."

"పోయిన నెల అన్న మర్శిపోలేదా? అప్పుడు అన్నను అడిగినవా నువ్వు?"

"నేను సబ్బు అడిగిన."

"పొద్దంత కష్టపడొచ్చిన కొడుకును గిట్ల…"

"సబ్బు," అంది నానమ్మ, పెనం మీద రొట్టె తిప్పుతూ. బాబాయి తడి కాళ్లతోనే చెప్పులేసుకుని దుకాణానికి పోయాడు.

ఇవన్నీ నాకు భలే నచ్చేవి. రాసుకోవాలనిపించేది. డైరీలో రోజు సంగతులకే జాగా చాలేది కాదు. ఇంకో నోట్‌బుక్ అడిగితే ఎందుకంటారు కాబట్టి పచ్చళ్ల బుక్కునే తిరగేసి, వెనక నుంచి మొదలుపెట్టాను. చెయ్యి ఆ బాణీకి అలవాటు పడిపోయిందేమో, అవి కూడా వంటకాల్లాగే వచ్చాయి. 'ఉప్పు పోసిన కూర. కావలసినవి: ఎదుటివాళ్ల మాట ఒకటి, మన ఉప్పు గుప్పెడు. చేసే పద్ధతి: వాళ్ల కూరలో మన ఉప్పు పోయాలి. తర్వాత నలుగురినీ పిలిచి, చూడండి ఎంత ఉప్పగా వండారో అనాలి.' ఆ పక్క పేజీలో 'పాత చింతకాయ: ఇవాళ్టి సంగతి అడిగితే ఇరవై ఏళ్ల కిందటి జాడీ దించాలి. మూత తీయగానే వచ్చే ఘాటుకు అడిగినవాళ్లే కళ్లు తుడుచుకుంటారు.' ఇంకోటి 'ఆవిరి: పొయ్యి ఎవరు వెలిగించారో తెలియకూడదు. అందరూ అనుకుంటున్నారు అని మూత కొంచెం జరిపితే చాలు.' ఇట్లా పదో పదకొండో ఉండేవి. వీటికి మోసపోకూడదని రాసుకున్నాను. ఆ ముక్క మాత్రం ఎక్కడా రాయలేదు. పచ్చడి బుక్కులో పచ్చడి పెట్టకండి అని ఎవరు రాస్తారు?

మా వార్డులో రెండు గల్లీలు. పై గల్లీలో మేమూ, సుగుణత్త వాళ్లూ. మురుగు పారే నాలా దాటితే కింది గల్లీ. అక్కడే రజియా ఆపా మిషను కుట్టేది. వార్డు మొత్తానికి బ్లౌజులు, లంగాలు, బడిపిల్లల బట్టలు అన్నీ ఆమె చేతి మీదే. కాగితం నమూనాలు కత్తిరించుకోవడానికి ఆమె పట్నం నుంచి పాత వారపత్రికలు కిలోల లెక్కన తెచ్చుకునేది. కత్తెర పడకముందే వాటిని చదివేయాలని నేను బడి వదలగానే అక్కడికి పరుగెత్తేదాన్ని. ఆపా ఏమీ అడిగేది కాదు. మాట్లాడమనేది కూడా కాదు. పక్కనే ఒక కప్పు చాయ్ పెట్టి, మిషను తొక్కుతూ ఉండేది. చాలా సీరియళ్లకు నాకు ముగింపు తెలియదు. ఎవరి భుజం కొలతలోనో వెళ్లిపోయేవి.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు వచ్చింది. సుగుణత్త నిలబడింది. రజియా ఆపా కూడా నిలబడింది. అప్పుడే ఒక కంపెనీవాళ్లు ఊరికి ఫిల్టర్ నీళ్ల మిషను ఇస్తామన్నారు. మా వార్డుకు ఒక్కటే. జాగా పంచాయతీయే చూపాలి. అంటే ఎవరు గెలిస్తే వాళ్ల గల్లీకి నీళ్లు. పై గల్లీకి అప్పటికే మంచినీళ్ల నల్లా ఉంది, అదీ సరిగ్గా సుగుణత్త ఇంటి ముందు. కింది గల్లీలో ఉన్నది ఒక్క బోరు. దాని నీళ్లు ఎట్లా ఉంటాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. అది నాకు తర్వాత తెలిసింది.

మా ఊళ్లో ప్రచారానికి ఒక ఆనవాయితీ ఉంది. టెంటు హౌస్ అతని దగ్గర మైకు సెట్టు ఒక్కటే కావడంతో, పోటీ పడేవాళ్లంతా ఒకే షామియానా కింద, ఒకే మైకులో, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. గడియారాన్ని ఎవరూ నమ్మరు. మీటింగు నడిపే పెంటయ్య తాత ఆలుగడ్డకు ఒక అగరుబత్తి గుచ్చి బల్ల మీద పెడతాడు. అది కాలినంతసేపే మాట. బూడిద రాలిపోయాక దేవుడొచ్చినా మైకు ఇవ్వడు.

మీటింగుకు ముందురోజు మామిడికాయ తొక్కు పెట్టారు. సుగుణత్త బుక్కు తెరిచి కొలతలు చదివింది. మధ్యలో గాలికి పేజీలు తిరగబడ్డాయి కాబోలు, కాసేపు ఆమె గొంతు వినపడలేదు. సుగుణత్త గొంతు వినపడకపోవడమంటే మా ఇంట్లో కరెంటు పోయినట్టే. నేను తొంగి చూశాను. పెదాలు కదుపుతూ చదువుకుంటోంది.

"సప్నా, ఇవి నువ్వు రాసినవేనానే?"

నాకు ప్రాణం పోయింది. తలూపాను.

"అబ్బ, ఎంత మంచిగ రాసినవే! ఎట్ల చెయ్యాల్నో సుత రాసినవ్. నాకు మీటింగుల ఏం మాట్లాడాల్నో తెల్వక పరేషానైతున్న."

"అత్తా, అవి చేయడానికి కావు…" అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. నా మాట నాకే సరిగా వినపడలేదు. ఆమె అప్పటికే బుక్కును కొంగులో చుట్టుకుంది.

మర్నాడు షామియానా కింద మొదటి అగరుబత్తి సుగుణత్తది. లేచి మైకు పట్టుకుంది.

"ఆపా మంచి మనిషి. నా బ్లౌజులన్ని ఆపానే కుట్టింది, నేను అబద్ధం చెప్ప. గని ఆపా ఏమంటున్నది? ఫిల్టరు మిషను కింది గల్లీకే కావాల్నట. అంటే ఏంది? పై గల్లీ పిల్లలు ఎండిపోయినా సరేనంటున్నది!"

రజియా ఆపా కుర్చీలోంచి సగం లేచింది. "అరె సుగుణా, నేనెప్పుడన్న గట్ల?"

"ఆమె టైమొచ్చినప్పుడు ఆమె చెప్తది. ఇంగొకటి. కింది గల్లీకి రోడ్డేసిన్నాడు మనకెయ్యలే. అప్పుడు ఒక్కలన్న మన గురించి అడిగిండ్రా? నేనైతే ఏమంటలే గని, ఊర్ల అందరనుకుంటున్నరు, ఆపా పట్నంల ఇల్లు కొన్నదట. రేపు ఆడికి పోయేటామెకు మన నీళ్ల ముచ్చటెందుకు?"

ఉప్పు పోసిన కూర, పాత చింతకాయ, ఆవిరి. వరసగా, ఏ కొలతా తప్పకుండా. జనం చప్పట్లు కొట్టారు. మా అమ్మ వెనకాల, ఆమె కొంగులో మొహం దాచుకోవాలన్నంత పనైంది నాకు. తలకొక పేరు పెట్టి పెంచిన పిల్లులు పక్కింటి పాలు తాగుతుంటే చూసినట్టుంది.

తర్వాత ఆపా వంతు. పెంటయ్య తాత కొత్త అగరుబత్తి ముట్టించాడు. అప్పుడే మా బాబాయి "అబ్బ, ఉక్క పోస్తున్నది" అని నిలువు ఫ్యానును బల్ల వైపు తిప్పాడు. గాలికి అగరుబత్తి ఎర్రగా కణకణలాడుతూ కాలడం మొదలైంది. దాన్ని నేను తప్ప ఎవరూ గమనించలేదు.

ఆపా చాలా నిజాయితీ మనిషి. అదే ఆమె కొంప ముంచింది. అన్నవాటికన్నిటికీ జవాబు చెప్పడం మొదలుపెట్టింది. "పట్నంల నాకు ఇల్లెక్కడిది? మా చెల్లె కిరాయికి ఉంటది. మొన్న దానికి బిడ్డ పుడితే పది రోజులు పోయొచ్చిన…" అని చెల్లెలి కథ చెప్పింది. రోడ్డు ఎప్పుడు వేశారో, అప్పుడు మెంబరు ఎవరో, ఎందుకు ఆగిందో చెప్పింది. పై గల్లీ పిల్లలంటే తనకు ఎంత ప్రేమో, ఎవరెవరికి మొదటి బడి బట్టలు కుట్టిందో పేరుపేరునా చెప్పింది. నానమ్మ అయితే "నేను నీళ్లు అడిగిన" అని మూడుసార్లు అని కూర్చునేది. ఆరోజు నాకో లెక్క అర్థమైంది. ఒక అబద్ధం వేయడానికి వేలెడు అగరుబత్తి చాలు. దాన్ని తీయడానికి జానెడు కావాలి. "ఇగ అసలు మాట, మా బోరు…" అని ఆపా అనేసరికి బూడిద రాలింది.

"అయిపాయె ఆపా," అన్నాడు పెంటయ్య తాత.

"ఒక్క మాట చాచా."

"రూలు రూలే బిడ్డా."

సుగుణత్త గెలిచింది. గెలిచిన సాయంత్రమే నాకు గులాబీరంగు లంగా గుడ్డ తెచ్చిచ్చి, "నీ బుక్కు ఎంత పని జేసిందే!" అని బుగ్గ గిల్లింది. గుడ్డ కుట్టించుకోవాలంటే వార్డులో ఉన్నది ఒక్క టైలరే.

వారం రోజులు తిరిగి తిరిగి చివరికి వెళ్లాను. ఆపా ఏమీ జరగనట్టే మెడలోంచి టేపు తీసి నడుముకు చుట్టింది. "ఊపిరి పట్టకు బేటీ, గట్లయితే కుట్టినంక పట్టదు," అంది. ఆ ఊపిరి వదలడంతోపాటు అంతా బయటికి వచ్చేసింది. బుక్కు, వెనక పేజీలు, తొక్కు పెట్టిన రోజు, ఫ్యాను కూడా. జీవితంలో అంత పొడుగు మాట్లాడడం అదే మొదలు. 

"వంటల్లెక్క రాసినవా?"

"ఊఁ."

"ఉప్పు పోసిన కూరనా?" ఆపా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. "బేటీ, ఆ రోజు నేను నీళ్ల మాట చెప్పిన్నా?"

"చెప్పలేదు ఆపా."

"నాకు యాదికి లేదు. చెప్పిన్నేమో అనుకున్న." టేపు మెడలో వేసుకుంటూ అంది. "నీకు రోజు ఇచ్చే చాయ్ ఏ నీళ్లదనుకున్నవ్? మీ అత్త ఇంటి ముంగటి నల్లాదే. పొద్దుగాల రెండు బిందెలు మోసుకొస్త. ఒకటి వంటకు, ఒకటి చాయ్‌కు. ఇక్కడి బోరు నీళ్లు గిన్నెలు కడగనీకె."

రెండేళ్లు ఆమె చాయ్ తాగాను. పత్రికల్లో ఎక్కడెక్కడి ఊళ్ల సంగతులో చదువుతూ తాగాను. ఆ నీళ్లు ఎక్కడివని ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు డైరీలో ఇది తప్ప ఇంకేమీ రాయలేదు.

"మీ అత్త ఇంక చాయ్‌కి రాలేదు," అంది ఆపా, కొలతలు రాసుకుంటూ.

ఇది కూడా మా ఊరి ఆనవాయితీయే. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల ఇంటికి వెళ్లి చాయ్ తాగి రావాలి. కప్పులో చుక్క మిగలకూడదు. మిగిలితే కక్ష మిగిలినట్టు. ఆ ఆదివారం సుగుణత్త పట్టుచీర కట్టుకుని, నన్ను తోడు తీసుకుని నాలా దాటింది. తోవ పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఆపా కుర్చీ వేసింది. స్టవ్ దగ్గరున్న బోరు నీళ్ల బిందెలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి గిన్నెలో పోసింది. నేను చూశాను. పాలు పోయగానే చిన్న చిన్న తరకలుగా విరిగాయి. ఆపా వడకట్టి, కప్పు తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

అత్త ఒక గుక్క తాగింది. ఏదో అనబోయింది. పై గల్లీలో, షామియానా కింద, ఇంట్లో, ఎక్కడైనా మాట తడుముకోని సుగుణత్త కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. ఉప్పు పోయడానికి వీల్లేదు, ఎందుకంటే ఆపా ఏమీ అనలేదు. పాత కథ తవ్వడానికి వీల్లేదు, చాయ్ వేడివేడిగా ఉంది.

"చక్కెర సరిపోయిందా సుగుణా?" అంది ఆపా.

"సరిపోయింది ఆపా."

మొత్తం తాగింది. చుక్క మిగల్చలేదు. తిరిగి వస్తూ నాలా దాటేదాకా ఒక్క మాట లేదు. దాటాక, "సప్నా, ఆ బుక్కు ఇంగొక్కసారి ఇయ్యి," అంది.

జాగా తేల్చడానికి గ్రామసభ పెట్టినప్పుడు పై గల్లీవాళ్లంతా ముందు వరసలో కూర్చున్నారు, అమ్మ పక్కన నేనూ. సుగుణత్త లేచింది.

"మిషను మన గల్లీల్నే పెడుదం. నేను గెలిచింది గందుకే. ఇగ ఎవరింటి ముంగట పెడుదమో చెప్పుండ్రి. రాత్రింబగళ్లు మోటరు సప్పుడుంటది. తాగే నీళ్లెన్నో పారే నీళ్లన్ని. బురద, దోమలు. లైన్లు, లైన్ల కాడ కొట్లాటలు. నేనైతే చూడలే గని, యాడనో మిషను పెట్టిన ఇంటి గోడ నెర్రెలిచ్చిందంటున్నరు. యాదగిరన్నా, నీ ఇంటి ముంగట పెడుదమా?"

"మా తాన జాగెక్కడిది?" అన్నాడు యాదగిరి.

"మణెమ్మా, మీ గోడ పక్కకు?"

"మొన్ననే సున్నమేసినం వదినా."

ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి అత్త పెద్ద నిట్టూర్పు విడిచి కింది గల్లీ వైపు తిరిగింది. "ఇగ ఏం జేస్తం. ఆపా, మీరే జెర మోయాలె ఈ బరువు."

రజియా ఆపా, జన్మలో అబద్ధమాడని రజియా ఆపా, నేల చూపులు చూస్తూ, ఎంతో కష్టం మీద అన్నట్టు, "సరే మల్ల. అందరి కోసం మేమే పడ్తం," అంది. పై గల్లీవాళ్లు ఆమెకు చప్పట్లు కొట్టారు.

నీళ్ల మిషను ఇప్పటికీ కింది గల్లీలోనే ఉంది. ఎవరి గోడా నెర్రెలివ్వలేదు. ఆపాకు కళ్లు ఆనడం లేదు, కుట్టు మిషను ఆమె కోడలు తొక్కుతోంది. నేను పటాన్‌చెరులో ఒక కంపెనీ ఆఫీసులో రిపోర్టులు సరిచూస్తాను. బస్సులో పక్కవాళ్ల ఫోన్లలో ఇప్పుడు నాలుగు గళ్లు పోయి ఎనిమిది గళ్లయ్యాయి. ఉప్పు పోసినవాళ్లు ఎదుటివాళ్ల ఇంటి చాయ్ తాగాల్సిన అవసరం లేదు, అందరూ ఎవరి స్టూడియోలో వాళ్లుంటారు. మోసం మా రోజుల్లో లేదని అనను. ముగ్గురు పెద్దవాళ్లు, ఒక పచ్చళ్ల బుక్కు, ఒక ఫ్యాను కలిసి ఎంత చేయగలరో చూసినదాన్ని. కాకపోతే చేసినవాళ్లు మర్నాడు అదే నాలా దాటి అదే టైలరుకు జాకెట్టు ఇవ్వాలి. మొహం చూడాలి. నాకు ఆ తేడా చిన్నదనిపించదు. కానీ ఒక్కటి మాత్రం ఇన్నేళ్లుగా లోపల గుచ్చుకుంటూనే ఉంది. మంచి జరిగింది సరే, అది కూడా అబద్ధంతోనే జరగాలా?

అటక సర్దడానికి వచ్చిన సుగుణత్తను మొన్న అదే అడిగాను. ఇప్పుడామె పదవిలో లేదు, మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చుంది.

"కింది గల్లీ నీళ్లు బాగలేవు అని ఉన్నమాట చెప్పినా జనం ఒప్పుకునేవాళ్లేమో కదా అత్తా?"

"ఏమోనే బిడ్డా. ఎవ్వరం చెప్పి చూడలే గద." నూనె చేతిని మోకాలి మీద ఆపి నా వైపు చూసింది. "నువ్వొక్కదానివి చెప్తవనుకున్న. ఆనాడు గ్రామసభల చెయ్యి లేపినట్టే లేపి, నేను సూసేసరికి జడ సదురుకుంటివి."